నడిచొచ్చేది

కిందటి నెల మిన్స్క్ నుంచి ఒక పిల్ల వచ్చింది. చేతిలో నోటుబుక్కు, భుజాన సంచి, కాళ్ళకి మా ఊరి బురదకి బొత్తిగా పనికిరాని బూట్లు. పాత మాటలు పోగుచేస్తోందట. ముసలివాళ్ళతో పాటు పోతున్న మాటల్ని పట్టి చీటీల మీద రాసి డబ్బాల్లో దాస్తారట అక్కడ. మనుషుల్ని పట్టుకుపోయిన రోజులు చూసినదాన్ని, మాటలే కదా పోనీలే అనుకుని, కూర్చోబెట్టి పాలు పోశాను.

"అవ్వా, పోషస్త్ అంటే ఏంటి?" అంది.

"అంటురోగం."

"మరి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది?"

"నడక నుంచి. ఊరి మీదికి నడిచొచ్చేది కాబట్టి పోషస్త్."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పెద్ద చదువులవాళ్ళు కూడా అదే అంటున్నారట. తెక్లా, ఎనభై ఏళ్ళు, వెర్బావిచి గ్రామం అని నా వివరాలు రాసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే చెప్పాను. మిగతా సగం తెలిసిన ఇంకో మనిషి అగాపా అత్త మట్టిలో కలిసి యాభై ఏళ్ళయింది. ఆ సగం చెప్పాలంటే నా ఇరవయ్యో ఏట జరిగిన ఒక్క రోజు గురించి చెప్పాలి. 

అది జర్మన్లతో యుద్ధం మొదలైన రెండో ఏడు. మగవాళ్ళందర్నీ జారు సైన్యం తీసుకుపోయింది. మా ఆయన తిమోఖ్ కూడా పోయాడు. ఊళ్ళో మిగిలింది ముసలాళ్ళు, పసివాళ్ళు, మేము. నా ఒళ్ళో ఎనిమిది నెలల లావ్రిక్. ఆ వేసవిలో పెద్ద బాట నిండా జనం. పడమటి నుంచి జర్మన్లు తోసుకొస్తుంటే ఇళ్ళూ పొలాలూ వదిలి బళ్ళు కట్టుకుని తూర్పుకి పోతున్నవాళ్ళు. బండి వెనక ఆవు, బండి మీద కోళ్ళ గంప, ఆ గంప పక్కనే ముసుగు కప్పిన పసివాడి శవం. బాట పక్కన రోజుకో పది కొత్త సిలువలు లేచేవి. వాళ్ళతో పాటే వచ్చింది పోషస్త్. పొద్దున వాంతులు, మధ్యాహ్నానికి కళ్ళు లోతుకు పోవడం, సాయంత్రానికి మనిషి లేకపోవడం.

మా వెర్బావిచి ఆ బాటకి రెండు కోసుల లోపల, చిత్తడి నేలలకి అవతల ఉంటుంది. అందుకే మా దాకా ఇంకా రాలేదు. నా చెల్లెలు ప్రూజినా మాత్రం సరిగ్గా బాట మీదున్న అల్హోవ్కాలో కాపురం ఉంది. మా పుట్టిల్లు ఈ రెండూ కాదు, ఇంకా ఉత్తరాన ఎక్కడో ఉండేది. అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, దానికి ఆరు. దాని జడ నేనే వేశాను, దాని పేలు నేనే తీశాను, దాని మొండితనానికి వీపు మీద రెండు వేసిందీ నేనే. నా పెళ్ళిలో వెర్బావిచి ఆడవాళ్ళ ముందు నిలబడి పాటలన్నీ అదే ఎత్తుకుంది. ఆ తరవాత అది మా ఊరు రాలేదు.

మరియమ్మ పండగ నాటికి అల్హోవ్కాలో పోషస్త్ పడిందని కబురు వచ్చింది. మా ఊరివాళ్ళు వంతెన పలకలు పీకేశారు. బయటి మనిషిని ఎవరు ఇంట్లోకి రానిచ్చినా ఆ ఇంటి తలుపులకి పలకలు కొట్టి, లోపలున్నవాళ్ళని లోపలే ఉంచాలని కట్టుబాటు చేశారు. నేనూ తల ఊపాను. అందరూ ఊపుతుంటే నేనొక్కదాన్నీ ఎందుకు ఊపను?

వారం తరవాత, ఇంకా చీకటి విడవకముందే అగాపా అత్త కిటికీలు తట్టుకుంటూ వచ్చింది. ఆమె వితంతువు, మా ఊరి ఆడవాళ్ళకి పెద్ద. పురుళ్ళు పోసేదీ ఆమే, శవాలకి స్నానం చేయించేదీ ఆమే.

"లేవండే! ఇవాళ తువ్వాలు నేస్తున్నాం. ఇంటికో గుప్పెడు అవిసెనార పట్టుకుని మా ఇంటికి రండి. వెలుగు రాకముందే!"

మాలో పోషస్త్‌కి అడ్డం కట్టేది ఆ తువ్వాలే. ఇంటింటి నారా కలిపి, వడికి, పడుగు పోసి, నేసి, అన్నీ ఒక్క పగలులో అయిపోవాలి. పొద్దు గుంకేలోపు ఆడవాళ్ళంతా దాన్ని పట్టుకుని ఊరి చుట్టూ తిరిగి ఊరి చివరి కొయ్యసిలువకి కట్టాలి. నిన్నటి పోగు ఒక్కటి కలిసినా, పొద్దు గుంకాక ఒక్క అడ్డపోగు, ఒక్క పేక పడినా అది ఉత్త గుడ్డే. మళ్ళీ ఇంకో రోజు మొదట్నించీ మొదలుపెట్టాల్సిందే. ఇంకోటి కూడా ఉంది. ఊరి చుట్టూ తిరిగేటప్పుడు ఎదురుపడ్డది కుక్క కానీ, పిల్లి కానీ, మనిషి కానీ, అదే పోషస్త్. దాన్ని కొట్టి తరిమెయ్యాలి. అది ఏ మొహమైనా పెట్టుకుని వస్తుందట.

నా నార ఊరి అంచున మా గడ్డికొట్టంలో ఉంది. లావ్రిక్‌ని చంకనేసుకుని వెళ్ళి తలుపు తీశాను. గడ్డిలో ఏదో కదిలింది.

"అక్కా, దగ్గరికి రాకు."

ప్రూజినా గొంతు.  కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక కనిపించింది. మోకాళ్ళ దాకా బురద, పాదాలు చీలిపోయి నల్లగా ఉన్నాయి, తలగుడ్డ లేదు.

"ఎలా వచ్చావే?"

"చిత్తడిలోంచి. రాత్రంతా నడిచాను. కప్పలన్నీ చుట్టాలైపోయాయి." నవ్వబోయింది. "మా ఆయన సైన్యంలో. మా అత్తా పోయింది, మామా పోయాడు. ఆడబిడ్డ నిన్న పోయింది. గుంట తవ్వేవాళ్ళు లేక నేనే తవ్వాను. ఇంక అక్కడ ఎవరున్నారని ఉండను?"

"నీకెలా ఉంది?"

"కాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఆకలేస్తోంది. ఆకలేస్తోందంటే రోగం లేనట్టే కదా?"

అవునని అనలేకపోయాను. నా చంకలో పసివాడు ఉన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇప్పుడు అబద్ధం ఆడటం ఎందుకు, భయం వేసింది, నా సొంత చెల్లెలంటే భయం వేసింది. అది నా అడుగు చూసింది. చూసి, చూడనట్టు గడ్డిపోచ తీసి నోట్లో పెట్టుకుంది.

ఇంట్లోంచి రొట్టె, పాలకుండ తెచ్చి గుమ్మంలో పెట్టాను. "ఇవాళ తువ్వాలు నేస్తున్నారు. సాయంత్రం ఇటే వస్తారు. కొట్టాల వెనకనుంచే దారి. వాళ్ళు కొట్టే పెనాల మోత వినపడగానే గడ్డి అడుక్కి దూరిపో. ఎవరు పిలిచినా బయటికి రాకు."

"నువ్వు పిలిచినా?"

"నేను పిలవను."

అది సరేనంది. ఇంకోచోటికి పొమ్మందామంటే ఆ కాళ్ళతో ఎక్కడికి పోతుంది? ఊళ్ళో చెప్పేద్దామంటే మా తలుపులకి పలకలు కొడతారు, లోపల నేనూ నా బిడ్డా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నార తీసుకుని తలుపు దగ్గరగా వేసి అగాపా అత్త ఇంటికి పరిగెత్తాను.

అప్పటికే ఇల్లంతా ఆడవాళ్ళు. పదిహేను కదుళ్ళు తిరుగుతున్నాయి. పిల్లల్ని మూలన వరసగా పడుకోబెట్టారు. భయమున్నచోట నోళ్ళు ఎక్కువ ఆడతాయి కదా, అందరూ ఒకటే మాటలు. పరాస్కా అని మా ఎదురింటి మనిషి ఉండేది. చెయ్యెంత చురుకో నోరూ అంతే.

"పట్నంలో కాంపౌండరు దీన్ని కలరా అంటున్నాడు. నీళ్ళలో ఉంటుందట."

"వాడి మొహం," అంది అగాపా అత్త, పోగు వదలకుండానే. "నీళ్ళలో ఉంటే చేపలు చావాలిగా? కలరా అనేది డాక్టర్ల మాట. మన తాతలు పోషస్త్ అన్నారు. అది నడిచొచ్చింది కాబట్టి అన్నారు. గాల్లోనూ లేదు, నీళ్ళలోనూ లేదు. కాళ్ళ మీద ఉంది."

"అయితే మా ఆయనా పోషస్తేనే అత్తా," అంది పరాస్కా. "ఒక్కచోట కాలు నిలిస్తేనా!"

"మీ ఆయన సంగతి నాకెందుకే, వస్తే కదా తరమడానికి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పోగు వేళ్ళ మధ్య కోసుకుపోతున్నా తెలియలేదు.

"నీ చిన్నప్పుడు ఇలాగే తువ్వాలు నేసి తిరిగితే ఎవరు ఎదురయ్యారు అత్తా?" అని ఎవరో అడిగారు.

అగాపా అత్త కదురు ఆగింది. "ఒక ఆడమనిషి. గోనె కట్టుకుని ఉంది. మా అమ్మ ఇదెవరని అడిగింది. ఎవరూ ఎరగరు. అంతే."

"ఏం చేశారు?"

"రోగం ఆగింది," అంది. మళ్ళీ కదురు తిప్పింది.

మధ్యాహ్నానికి పడుగు సిద్ధమైంది. మగ్గం ముందు నన్ను కూర్చోబెట్టారు. ఊళ్ళో నాకంటే వేగంగా నాడె అటూ ఇటూ విసిరి నేసేవాళ్ళు లేరు, అది నా గొప్ప. మొదటి మూరెడు గాలిలా వచ్చింది. వేగంగా నేస్తే వేగంగా అయిపోతుంది, ఊరికి కాపు పడుతుంది, గడ్డి అడుగున ప్రూజినా నిద్రపోతూ ఉంటుంది, రేపు ఏదో ఒకటి ఆలోచించుకోవచ్చు అనుకున్నాను.

అప్పుడే అగాపా అత్త వాకిట్లో ముళ్ళకొమ్మలు కట్టలు కడుతూ పరాస్కాతో అంటోంది. "కొట్టాలన్నిటికీ పొగ పెట్టాలే. మర్చిపోకు. దానికి గడ్డిలో పడుకోవడం ఇష్టం. పొగ పెడితే లోపల ఎలక కూడా ఉండలేదు."

నా చేతిలో నాడె ఆగిపోయింది.

పొగ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే పొద్దున్నే దాన్ని ఎక్కడికో ఒకచోటికి, పొదల్లోకైనా తోసేదాన్ని. ఇప్పుడు మగ్గం మీంచి లేవడానికి లేదు, నేసే మనిషి లేస్తే పని ఆగుతుంది. చుట్టూ నలభై కళ్ళు. వాకిట్లో ఎండ గుమ్మం దాటి లోపలికి పాకుతోంది.

అప్పుడు పుట్టింది నాకా బుద్ధి. పొద్దు గుంకేలోపు తువ్వాలు పూర్తి కాకపోతే ఇవాళ ఊరి చుట్టూ తిరగరు. నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పోగు తెగితే చాలు. పోగులు తెగుతూనే ఉంటాయి, ఎవరు అనుమానిస్తారు?

మొదటి పోగు గోటితో తెంపాను. ముడి వేశాను. నాలుగు పేకలు వేసి ఇంకోటి తెంపాను. నాడెలో నూలు కండె అయిపోకుండానే అయిపోయిందని మార్చాను. తొక్కుడుపలక తప్పు తొక్కి నాలుగు వేళ్ళ వెడల్పు మళ్ళీ విప్పాను. మీకు ఇది చిన్న దొంగతనంలా కనిపించవచ్చు. నాకు కాదు. ఆ తువ్వాల్ని నేను సిలువంత నమ్మాను. ఆ రాత్రి ఊరికి అడ్డు లేకపోతే తెల్లారేసరికి పోషస్త్ వచ్చి ఏ ఊయలైనా ముట్టుకోవచ్చు. మూలన పడుకున్న పన్నెండుమంది పిల్లల్లో నాలుగోవాడు లావ్రిక్. ఒక్కో పోగు తెంపినప్పుడల్లా వాడివైపు చూశాను. ఏ తల్లి చేస్తుంది ఆ పని? నేను చేశాను. మళ్ళీ చేశాను. ఒంటి మీద చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"ఏమైందే నీ చేతులకి?" పరాస్కా వచ్చి వెనక నిలబడింది. "మా ముసలి ఆవు నేసినా ఈపాటికి ఇంకో మూరెడు వచ్చేది."

"నార మంచిది కాదు. ముక్కిపోయింది ఎవరిదో."

"పోగు అరగంట కిందట బాగానే ఉందే!"

అగాపా అత్త వచ్చి నా పక్కన పలక మీద కూర్చుంది. చాలాసేపు నా వేళ్ళనే చూసింది. తరవాత, నాకొక్కదానికే వినపడేలా అంది. "చేతులు వణుకుతున్నాయే నీకు. ఎవరి కోసం?"

"చలికి."

"ఎండాకాలంలో చలా?"

తల వంచి తెగిన పోగు కొస వెతికాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆమె ఇంకొంచెంసేపు ఆగింది. ఆమె ఆగడం నాకు బాగా గుర్తుంది. తరవాత లేచింది.

"నువ్వు లే తెక్లా. పరాస్కా కూర్చుంటుంది."

పరాస్కా కూర్చుంది. నాడె అటూ ఇటూ పిట్టలా ఎగిరింది. ఒక్క పోగు తెగలేదు. పొద్దు అడవి మీద జానెడు ఎత్తున ఉండగా తువ్వాలు మగ్గం మీంచి కోశారు.

అందరం తలగుడ్డలు తీసి జుట్లు విరబోసుకున్నాం. చెప్పులు విడిచాం. ఒంటి మీద తెల్ల లోగౌన్లు మాత్రమే. చేతుల్లో పొయ్యికర్రలు, కొడవళ్ళు, పెనాలు. ముసలాళ్ళనీ పిల్లల్నీ ఇళ్ళలో పెట్టి గడియ వేశాం. నిన్నటి దాకా గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలిచినవాళ్ళే, ఒకరి మొహం ఒకరం గుర్తుపట్టలేదు. తువ్వాలు ముందు కొస అగాపా అత్త పట్టుకుంది. రెండో కొస నా చేతిలో పెట్టింది.

"మొదలుపెట్టింది నువ్వు. నువ్వే పట్టుకో."

పెనాలు మోగించుకుంటూ బయల్దేరాం. మొదటి కొట్టం. పొగ పెట్టారు. ఒక పిల్లి దూకి పారిపోతే రాళ్ళతో పొలిమేర దాకా తరిమారు. దాని వెనక ఆ అరుపులు! అవి ఆడవాళ్ళ గొంతులే అంటే ఎవరూ నమ్మరు. రెండో కొట్టం, మూడోది. మాది అయిదోది. లోపల ప్రూజినా గడ్డి అడుగున ముక్కు మూసుకుని ఉంటుంది, పొగ పల్చగా పెడతారు, గాలి అటువైపు ఉంది అని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను. ప్రార్థన చేద్దామంటే ఏమని చెయ్యాలో తెలియలేదు. అది బతకాలని చెయ్యాలా, మేము బతకాలని చెయ్యాలా?

పరాస్కా కట్ట వెలిగించి మా కొట్టం తలుపు కింద తోసింది. పెనాలు ఆగాయి. పొగ పలకల సందుల్లోంచి బయటికి వచ్చింది. ఒక్కసారి దగ్గు వినపడింది. తరవాత ఆగకుండా దగ్గు. తలుపు తెరుచుకుంది.

ప్రూజినా బయటికి వచ్చి నిలబడింది. జుట్టు నిండా గడ్డి, మొహమంతా పెళ్ళిలో చూసినవాళ్ళు కూడా పోల్చుకోలేనంత మసి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఖాళీ పాలకుండ ఉంది. దాన్ని ఎందుకు తెచ్చిందో. పగలకూడదని తెచ్చి ఉంటుంది. కుండలు పగలగొడితే నేను కొట్టేదాన్ని చిన్నప్పుడు.

ఎవరూ కదల్లేదు. కొడవళ్ళు పైకి లేచి ఆగాయి.

"ఇదెవరు?" అంది అగాపా అత్త. గొంతు పెద్దది చేసి, పొలం అవతలికి వినపడేలా అడిగింది. "ఎవరి మనిషిది?"

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"దీన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చింది. అందరూ తల అడ్డంగా ఊపారు. చివరికి నా దగ్గర ఆగింది. ప్రూజినా కూడా నన్నే చూస్తోంది. దాని పెదాలు 'అ' అనడానికి తెరుచుకోవడం నేను చూశాను. అంతలోనే మూసుకున్నాయి. అక్కా అంటే నా ఇంటికి పలకలు కొడతారని దానికీ తెలుసు. అది నన్ను కాపాడింది.

"తెక్లా, నీ కొట్టంలోంచే కదా వచ్చింది!" అని అరిచింది పరాస్కా. "ఎవరే అది?"

"నాకు తెలీదు," అన్నాను.

అంతటితో ఆగినా కొంత బాగుండేది. ఎవరూ అడగని మాట కూడా అన్నాను. "నేనెప్పుడూ చూడలేదు."

పెనాలు ఒక్కసారి మోగాయి. పొయ్యికర్రలు ముందుకు చాచి అందరూ దాని మీదికి వెళ్ళారు. తగలనివ్వలేదు, తగిలితే అంటుకుంటుందని భయం. మట్టిగడ్డలు విసిరారు. ఒకటి వీపు మీద తగిలింది. కుండ కింద పడి పగిలింది. ప్రూజినా వెనక్కి తిరిగి, కోసిన రై చేను మీదుగా చిత్తడి వైపు నడిచింది. పరిగెత్తలేదు. ఆ కాళ్ళతో ఎలా పరిగెడుతుంది? మోళ్ళు గుచ్చుకుంటుంటే పాదం పక్కకి పెట్టి పెట్టి నడిచింది. నా చేతిలో తువ్వాలు కొస ఉంది, నేనూ అరిచాను. అందరూ అరుస్తుంటే నా గొంతు కూడా అందులో ఉంది. అది రెల్లు పొదల్లోకి వెళ్ళేదాకా అరిచాను.

పొద్దు గుంకకముందే తువ్వాలు సిలువకి కట్టాం. ఆడవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. పరాస్కా నన్ను ముద్దు పెట్టుకుంది. "నీ కొట్టంలో దాక్కుందే ముండ! నీ బిడ్డకి ఆయుష్షు గట్టిది." నేను ఇంటికి వచ్చి లావ్రిక్‌కి పాలిచ్చాను. పాలు రాలేదు.

మూడు రోజులు ఎవరూ కాపు దాటకూడదు. నాలుగో రోజు దాటాను. చిత్తడంతా వెతికాను. రెల్లులో ఒకచోట పడుకున్న గుర్తు ఉంది, అంతే. అల్హోవ్కా వెళ్ళాను, దాని ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. బాట మీద పోయే బళ్ళవాళ్ళని అడిగాను. చీలిన కాళ్ళతో ఉన్న ఆడమనిషిని చూశారా అంటే, ఏ ఆడమనిషి కాళ్ళు బాగున్నాయమ్మా అన్నారు. బతికిందో, ఏ సిలువ కింద ఉందో, అసలు సిలువ అయినా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్టోబరులో కొత్త అవిసె ఎండింది. అగాపా అత్తా నేనూ ఆమె కొట్టం ముందు కూర్చుని కాడలు విరగ్గొట్టి నార తీస్తున్నాం. ఆమె చెయ్యి ఆపకుండా అడిగింది.

"మీ చెల్లెలి పేరేంటే?"

నా చేతిలో కట్ట జారిపోయింది. "ప్రూజినా," అన్నాను.

"ఆఁ, ప్రూజినా. నీ పెళ్ళిలో పాడింది. రొట్టె పొయ్యిలో పెడుతూ విన్నాను. మంచి గొంతు."

"నీకు తెలుసా?"

"కొట్టంలోంచి బయటికి రాగానే తెలిసింది."

"తెలిసి అడిగావా! తెలిసి తరిమించావా!"

"నేను చెబితే చెల్లదే," అంది అగాపా అత్త. "దాని మనిషే చెప్పాలి. మా అమ్మ కాలం నుంచీ అంతే, ఆమె అమ్మ కాలం నుంచీ అంతే. నడిచొచ్చేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. బిచ్చగాళ్ళు వస్తారు, సిపాయిలు వస్తారు, కొత్త కోడళ్ళు వస్తారు. వాళ్ళంతా పోషస్తా? ఎదురొచ్చినదాన్ని ఇది నా మనిషి అనేవాళ్ళు ఒక్కరూ లేకపోతే అది పోషస్త్. ఆ మాటకి అర్థం అదే. నువ్వు 'నా చెల్లెలు' అని ఉంటే తువ్వాలు దాని తల మీంచి దాటించి లోపలికి తెచ్చుకునేవాళ్ళం. నీ కొట్టంలోనే మూడు వారాలు ఉంచి, గుమ్మంలో రొట్టె పెట్టేవాళ్ళం. పలకలు కొట్టేవాళ్ళం కాదు. తువ్వాలు దాటినదాని మీద ఊరి కట్టుబాటు చెల్లదు."

"ముందే చెప్పొచ్చు కదా!" నేను అరుస్తున్నానని నాకే తెలియలేదు. "పొద్దున్నే చెప్పొచ్చు కదా అందరికీ!"

"ముందే చెబితే అందరూ అంటారే. ఎవత్తో ఒకత్తి జాలిపడి నాదే అంటుంది, దాని వెనకే అసలుది లోపలికి వచ్చేస్తుంది. తన తలుపులకి పలకలు కొడతారని తెలిసి కూడా నాది అన్నవాళ్ళ మాటకే బలం." ఆమె చెయ్యి అప్పుడు ఆగింది. "మగ్గం దగ్గర అడిగాను నిన్ను. కొట్టం దగ్గర రెండుసార్లు అడిగాను. ఇంకెన్నిసార్లు అడగను? నువ్వు అంటావనే రెండో కొస నీ చేతిలో పెట్టాను."

నేను ఆమెని కొట్టాలనుకున్నాను. కొట్టలేదు. కింద పడిన కట్ట తీసుకుని పని చేశాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

ఆ ఏడు వెర్బావిచిలో ఒక్కరు కూడా పోలేదు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు సిలువ మీది తువ్వాల్ని చూడటానికి వచ్చి, దాన్ని మొదలుపెట్టిన మనిషి ఎవరని అడిగి, నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకునేవారు. లావ్రిక్ పెద్దవాడై పిల్లల్ని కన్నాడు. నాకు మునిమనవళ్ళున్నారు. వీళ్ళలో ఎవరికీ నేను ఇది చెప్పలేదు. నా తలుపులకి పలకలు కొట్టేవాళ్ళు ఎప్పుడో పోయారు, అయినా చెప్పలేదు.

ఆ రోజు కొట్టంలోంచి వచ్చింది నా చెల్లెలు. నేను పెంచిన పిల్ల. పేరు ప్రూజినా. ఇప్పుడు చూడండి, ఎంత సులువుగా వచ్చేసిందో నోట్లోంచి.